నీళ్ళ చార్టు

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ రోజు నుంచి వంకాయ బంద్. పోయిన వారం శనగపిండి మానేశాను, అంతకు ముందు గోంగూర. అయినా ఈ కడుపునొప్పికి సిగ్గు లేదు, మళ్ళీ వచ్చింది. రెండో ట్రిప్పులో చోడవరం దాటాక చెరకు లారీ వెనక ఇరుక్కున్నాం. బస్సు నడిచేవాళ్ళకంటే మెల్లగా పోతోంది. ఎడమ డొక్కలో మొదలై ముందుకి పాకింది. టికెట్ మిషన్ని పొట్టకి అదిమి పట్టుకుని "ముందుకి జరగండమ్మా, ముందుకి జరగండి" అని అరుస్తూ నిలబడ్డాను. ఆడవాళ్ళకి ఫ్రీ అయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు ఉండటం లేదు. వాళ్ళ మధ్య వంగి మెలికలు తిరగడానికి కూడా వీలుండదు. ఒకందుకు మంచిదే, పడిపోయే భయం లేదు.

యూనియన్ వాళ్ళు ఇచ్చిన ఈ డైరీ నెల రోజులుగా బీరువా మీద ఊరికే పడి ఉంది. రోజూ ఏం తిన్నానో, ఎప్పుడు నొప్పి వచ్చిందో రాసుకుంటే దొంగ ఎవడో దొరుకుతాడు. పదహారేళ్ళ కండక్టర్ని, టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేస్తాను. నా కడుపులో దొంగ నాకు దొరకడా?

పొద్దున ఇడ్లీ రెండు. మధ్యాహ్నం అన్నం, వంకాయ కూర. నొప్పి పదిన్నరకి. అంటే వంకాయ తినకముందే. అయినా సరే, నిన్న రాత్రి కూడా వంకాయే కదా.

ఫిబ్రవరి 11

కందిపప్పు కూడా మానేశాను. ఇక మిగిలింది అన్నం, మజ్జిగ.

ఫిబ్రవరి 13, శుక్రవారం

మా ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. బెల్లం మార్కెట్లో దిమ్మలు తూచీ తూచీ చంద్రమౌళి గారికి మనుషుల్ని కూడా చూపుతో తూచేయొచ్చనే నమ్మకం వచ్చేసింది. చేతిలో టీ గ్లాసు దించకుండా తీర్పు చెప్పారు.

"గేసే అది. మా మార్కెట్లో సగంమందికి అదే. సోడా తాగు, పోద్ది."

"సోడా తాగితే పోయేదానికి ఇన్నాళ్ళు పడతాదేటండి?"

"నువ్వు సరిగ్గా తాగనేదు మరి."

సోడా తాగాను. డ్యూటీ దిగాకే తాగాను, డ్యూటీలో తాగడానికి ఎక్కడ కుదురుతుంది? ఈ రోజు పొద్దున ఐదున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా నాలుగు మూతల నీళ్ళు తాగాను. ఎండ ముదరక ముందే నాలుగంటే నాకే ఎక్కువనిపించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పిన సీనియర్ కండక్టరమ్మ చెప్పింది: సీసా ఎత్తి తాగకు, మూతలో పోసుకుని నాలిక తడుపుకో, దాహమూ తీరుతుంది, దిగే అవసరమూ రాదు. అప్పట్నుంచీ అంతే. మాడుగుల దాటి గెడ్డవలసలో బస్సు తిప్పే చోట ఒక కిళ్ళీ బడ్డీ, తుప్పలు తప్ప ఏమున్నాయి? డ్రైవర్ అయ్యప్ప దిగి, తువ్వాలు భుజాన వేసుకుని తుప్పల వెనక్కి వెళ్ళి, ఈల వేసుకుంటూ వస్తాడు. అనకాపల్లి బస్ కాంప్లెక్సులో బాత్రూములున్నాయి గానీ, రోడ్డు మీద లేటయిన నిమిషాలన్నీ అక్కడే మిగుల్చుకోవాలి. బస్సు పూర్తిగా ఆగకముందే జనం ఎక్కేస్తారు. "ఎప్పుడు తీత్తారు, ఎప్పుడు తీత్తారు" అని నా మొహమే చూస్తుంటారు. వాళ్ళందరి ముందూ దిగి అటు నడవాలంటే నాకు కాళ్ళు రావు.

పదహారేళ్ళలో నా వల్ల బస్సు ఒక్క నిమిషం ఆగలేదు. డిపోలో ఈ మాట ఇంకెవరు చెప్పగలరో చెప్పమనండి.

ఫిబ్రవరి 14

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న గది, తలుపు తీసే ఉంది, లైనులో వాళ్ళు సగం లోపల, సగం బయట. "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగాడు. బొడ్డు మీద వేలు పెట్టి చూపించాను.

నొప్పి అక్కడ కాదు. వెనక డొక్క కింద పుడుతుంది. ముందుకి వచ్చి, కిందికి, గజ్జల దాకా దిగుతుంది. మంట కూడా ఉంది. అది ఎక్కడో ఆయనకి ఎలా చెప్పను? వెనకాల నా బస్సులో రోజూ ఎక్కే చోడవరం పాలాయన నిలబడి ఉన్నాడు.

"ఒంటేలు సరిగ్గా అవుతోందా?" అని కూడా అడిగాడు పాపం.

"అవుతోందండి" అన్నాను. అడగ్గానే, టక్కున.

గ్యాసుకి మాత్రలు, నొప్పికి మాత్రలు రాశాడు. అయిదు రోజులకి.

ఫిబ్రవరి 17

తగ్గింది. గ్యాసే.

ఫిబ్రవరి 18

అస్సలు లేదు. వంకాయ తిన్నాను, అది కూడా రెండుసార్లు వడ్డించుకుని.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మాత్రలు అయిపోయిన మర్నాడే వచ్చింది. ఈసారి వాంతి కూడా. బెల్లం వండే వాసన కిటికీలోంచి వస్తే ఎప్పుడూ ప్రాణం లేచి వచ్చేది, ఈ రోజు కడుపులో తిప్పేసింది. తుమ్మపాల దగ్గర కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకుంటుంటే ఒకావిడ "కండక్టరమ్మకి విశేషవేటి?" అని పక్కావిడని అడిగింది. నలభై మూడేళ్ళకి విశేషమట! లోపల అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక పక్కింటి కాసులమ్మ చూసింది. ఆవిడ చూపు పడితే వైద్యం చేయించుకోకుండా తప్పించుకోవడం కష్టం.

"బొడ్డు జారిపోనాదే నీకు. అంత బరువు సంచీ బుజానేసుకుని రోజల్లా నిలబడితే జారదేటి? పడుకో, నాను సరిసేత్తాను."

ఆముదం వెచ్చచేసి రాసింది. పొట్ట మీద అరచెయ్యి పెట్టి పిండి పిసికినట్టు పిసికింది. నేను కెవ్వుమంటే "అదిగో, దొరికిందే, అక్కడే ఉంది" అంటుంది. మొదట ప్రాణం పోయింది. తర్వాత, నిజం చెప్పాలంటే, ఒక మనిషి అరగంట నా పక్కన కూర్చుని నా కడుపు మీద చెయ్యి వేసి ఉంచినందుకు హాయిగా అనిపించింది. నొప్పి ఉన్నచోటే ఉంది.

ఫిబ్రవరి 21

ఇన్నాళ్ళూ రాసిందంతా చదివాను. అన్నీ మానేశాను, నొప్పి మానలేదు. డ్యూటీ లేని రోజు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. అంటే బస్సు కుదుపు పడటం లేదన్నమాట. సీటు మార్చి కూర్చోవాలి.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఈ రోజు మొదటి ట్రిప్పులో ఒకావిడ, యాభై పైనే ఉంటుంది, జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికొచ్చింది. చెవిలో చెప్పినట్టు అడిగింది.

"అమ్మా, ఒక్క నిమిసం ఆపమ్మా. ఒంటికెల్లి వచ్చీత్తాను. సుగరు మనిషిని, ఆగదు నాకు."

నాకప్పటికే డొక్కలో పొడుస్తోంది. పన్నెండు నిమిషాలు లేటు. "ఇంటికాడ సూసుకుని రాలేకపోనావా? ఇదేటి నీ సొంత కారేటి ఎక్కడంటే అక్కడ ఆపడానికి?" అన్నాను. ఆవిడ చెవిలో అడిగింది, నేను బస్సంతా వినేలా చెప్పాను. మగాళ్ళు నవ్వారు. ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వారు.

తర్వాతి స్టాపులో ఆవిడ దిగిపోయింది. ఆవిడ టికెట్ మాడుగులకి.

నేను చేసిందాంట్లో తప్పేముంది? ఒకరికి ఆపితే పదిమందికి ఆపాలి. ఆ మాటే మా ఆయనకి చెబితే అవునన్నారు. మా అమ్మాయి హాసినికి చెబితే పుస్తకంలోంచి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. వచ్చే నెల దానికి టెన్త్ పరీక్షలు. ఇలాంటివన్నీ దానికెందుకు చెప్పానో.

ఫిబ్రవరి 25

నొప్పి. రాయడానికి ఓపిక లేదు.

ఫిబ్రవరి 28, శనివారం

ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను. డైరీ హాసిని తెచ్చిచ్చింది. చదవలేదని ఒట్టేసింది, నమ్మాను.

నిన్న రెండో ట్రిప్పులో, వెంకన్నపాలెం దాటాక, నొప్పి ఒక్కసారిగా వచ్చింది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది, ఏ పక్కకి తిరిగినా అదే. చలి వణుకు. ఇంజను పక్కన కింద కూర్చుండిపోయాను. అయ్యప్ప బస్సు ఆపేశాడు. "అప్పా! రత్నమప్పా! ఏటైనాదప్పా?" అని, సొంత అక్కని పిలిచినట్టు, వాడు అరవడం తెలుస్తోంది. ఎవరో ఆటో పిలిచారు. పదహారేళ్ళలో మొదటిసారి నా వల్ల బస్సు ఆగింది. నలభై నిమిషాలట. ఆటోలో ఆ నొప్పితో నేను అడిగిన మొదటి మాట అదే, ఎంత లేటయిందని.

ఇక్కడ డాక్టరు ధనశ్రీ. చిన్న వయసే, ముప్పై కూడా ఉండవు. కర్టెన్ లాగేసి, మా ఆయన్ని కూడా బయటికి పంపేసి, స్టూలు వేసుకుని కూర్చుంది.

"నొప్పి ఎక్కడని అడగనమ్మా. ఎక్కడ మొదలై ఎటు పోతోందో వేలితో గీసి చూపించండి."

గీశాను. వెనక నుంచి ముందుకి, కిందికి, గజ్జ దాకా. నెల రోజులుగా ఆ దారి నాకు తెలుసు. ఎవరికీ చూపించలేదు.

"పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఒంటేలుకి వెళ్ళారు?"

"నాలుగున్నరకి ఇంటి దగ్గర వెళ్ళానండి. అంతే."

"ఇప్పుడు పన్నెండు. మామూలుగా డ్యూటీలో ఎన్నిసార్లు?"

అసలు వెళ్ళనని చెప్పాను.

"నీళ్ళెన్ని తాగుతారు?"

"నాలుగు మూతలండి."

"నాలుగు... ఏంటి?"

సీసా మూతలు అని చెబితే ఆవిడ పెన్ను ఆగిపోయింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

స్కానింగులో ఎడమ కిడ్నీ నుంచి దిగే గొట్టంలో రాయి. ఏడు మిల్లీమీటర్లట. శనగగింజంత కూడా లేదు, నన్ను నేల మీద పడేసింది. దాని వెనక మూత్రం నిలిచిపోయి కిడ్నీ వాచింది, పైగా ఇన్ఫెక్షను. "కడుపునొప్పి అని ఒక్క మాట చెబితే మాకు వంద దారులమ్మా," అంది ధనశ్రీ గారు. "ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది, దాంతోపాటు మంట ఉందా, జ్వరం ఉందా, వాంతి ఉందా, ఇవి చెబితే ఒక దారి మిగులుతుంది. మీరు సగం చెప్పారు, సగానికే వైద్యం జరిగింది. ఆ నొప్పి మాత్రలు నొప్పిని మూసిపెట్టాయి, అంతే."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. పాపం వంకాయ.

మార్చి 2, సోమవారం

ఇంటికొచ్చాను. వారం సెలవు. రాయి జారడానికి మాత్రలు, ఇన్ఫెక్షనుకి మాత్రలు. ఒక చార్టు ఇచ్చారు: ఎన్ని గంటలకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగానో, ఎన్నిసార్లు వెళ్ళానో గడుల్లో రాయాలి. రోజుకి మూడు లీటర్లకి తగ్గకూడదు. చలిజ్వరం వచ్చినా, ఒంటేలు ఆగిపోయినా ఆ క్షణమే రమ్మన్నారు. పదమూడో తారీకుకి మళ్ళీ చూస్తారు.

కాసులమ్మ బొడ్డు సంగతి మర్చిపోయింది. "నాను ముందే అనుకున్నాను రాళ్ళేనని" అంటూ కొండపిండాకు కోసుకొచ్చింది. ధనశ్రీ గారిని ఫోనులో అడిగితే కూర వండుకుని తినండి, నీళ్ళు మాత్రం మానకండి అంది. అయ్యప్ప చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడి మరో మందు చెప్పాడు.

"బీరు తాగితే కరిగిపోద్దంటప్పా. మా డ్రైవర్లందరూ అదే అంటారు."

మా ఆయన కళ్ళలో ఒక్కసారి వెలుగొచ్చింది. నాకు తోడుగా తాగే త్యాగానికి సిద్ధపడుతున్నారని అర్థమైంది. ఇద్దర్నీ కసిరాను.

మార్చి 5

పన్నెండు గ్లాసులు. ఎనిమిది సార్లు. నొప్పి లేదు. మనిషినైనట్టు ఉంది.

మార్చి 9, సోమవారం

డ్యూటీలో చేరాను.

చార్టు సంచీలో పెట్టుకుని వెళ్ళాను. మొదటి ట్రిప్పులో మూడు గ్లాసులు తాగాలని ఉంది. చోడవరంలో సీసా తీశాను. గెడ్డవలస గుర్తొచ్చింది. మూతలో పోసుకున్నాను.

లెక్క ఏముంది, రోజు మొత్తం మీద మూడు లీటర్లు. రెండున్నరకి ఇంటికి రాగానే మూడు చెంబులు వరసగా తాగేశాను. పడుకునే లోపల ఇంకో మూడు. లెక్క సరిపోయింది. చార్టులో పొద్దుటి గడుల్లోకి సర్ది రాశాను. కడుపుకి టైము చూడటం ఏమన్నా వచ్చా?

మార్చి 10

చార్టులో పదకొండు. నిజానికి ఏడు, అన్నీ సాయంత్రమే.

మార్చి 11

చార్టులో పన్నెండు. నిజం ఐదు. అలిసిపోయి తాగకుండానే నిద్రపోయాను.

మార్చి 12

రేపు డాక్టరు. ఈ వారం గడులన్నీ ఒకే పెన్నుతో, ఒకేలా ఉన్నాయి. రెండు చోట్ల పెన్సిలుతో దిద్దాను, నిజంగా రాసినట్టు ఉండాలని. డిపోలో ఎవరైనా ఇలా రాసి తెస్తే చూడగానే పట్టుకునేదాన్ని.

మార్చి 13, శుక్రవారం

పట్టుకుంది.

చార్టు ఒక చేతిలో, పరీక్ష రిపోర్టు ఇంకో చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంట్లో ఉన్న వారం నిజం. డ్యూటీలో చేరాక రాసింది అబద్ధం. పన్నెండు గ్లాసులు తాగిన మనిషి యూరిన్ ఇంత చిక్కగా ఉండదు. ఈ చార్టు నా కోసం రాశారా, మీ కోసం రాశారా?"

చిన్నపిల్ల ముందు తల దించుకుని కూర్చున్నాను. సాయంత్రం తాగుతున్నానని చెప్పాను.

"పొద్దున తొమ్మిది గంటలు ఎండగట్టి సాయంత్రం వరద పెడితే రాయికి ఏం తెలుస్తుందమ్మా? ఆ తొమ్మిది గంటల్లోనే అది పెరిగేది." స్కాను చూపించింది. రాయి కొంచెం కిందికి జరిగింది, వాపు మాత్రం పెరిగింది. "ఇరవై ఏడో తారీకు దాకా చూస్తాను. తగ్గకపోతే విశాఖ పంపిస్తాను, ట్యూబు వేసి రాయి తీస్తారు. తీసినా మీరు ఇలాగే ఉంటే మళ్ళీ వస్తుంది. ఇంకో రెండు మూడుసార్లు ఇలా వాస్తే ఆ కిడ్నీ మీకు ఉండదు."

బయటికొచ్చి కాంప్లెక్సులో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. యూనిఫాంలో ఉన్నానని కూడా చూసుకోలేదు.

మార్చి 16, సోమవారం

హాసినికి మొదటి పరీక్ష. బాగా రాశానంది.

నేను ఈ రోజు చెప్పినట్టు తాగాను. ఒట్టు. ఆరున్నరకి రెండు గ్లాసులు, ఏడున్నరకి రెండు. గెడ్డవలస చేరేసరికి బిగబట్టుకున్నాను. అయ్యప్ప తువ్వాలు వేసుకుని దిగాడు. నేను తుప్పల దాకా వెళ్ళాను. బడ్డీ దగ్గర ఆరుగురు మగాళ్ళు బీడీలు కాలుస్తూ ఇటే చూస్తున్నారు. తిరిగొచ్చేశాను. అక్కణ్ణుంచి అనకాపల్లి దాకా గంటన్నర. కుదుపుకొకసారి కళ్ళ ముందు చీకట్లు. ఒకాయనకి చిల్లర తప్పిచ్చాను, ఇంకొకాయనకి ఊరు తప్పు కొట్టాను, ఇద్దరి దగ్గరా తిట్లు తిన్నాను. కాంప్లెక్సులో బస్సు ఆగకముందే దూకి పరుగెత్తాను. ఆ పరుగు చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు.

నీళ్ళు తాగు, నీళ్ళు తాగు. డాక్టరు చెబుతుంది, ఆయన చెబుతారు, కాసులమ్మ చెబుతుంది. తాగాక ఎక్కడికెళ్ళాలో ఒక్కరూ చెప్పరు. తాగే నోరొక్కటే ఉందా నాకు? నాకు ఒళ్ళు మండిపోతోంది.

మార్చి 18, బుధవారం

కొత్త అమావాస్య. నూకాలమ్మ జాతర స్పెషల్ డ్యూటీ. నూకరత్నమని నాకు ఆ తల్లి పేరే కదా పెట్టారు, బస్సులోంచే దణ్ణం పెట్టాను. మూతలు మూడు.

మార్చి 19

ఉగాది. మూతలు నాలుగు. చార్టు రాయడం మానేశాను.

మార్చి 21

డొక్కలో సన్నగా ఉంది. కుదుపు వల్ల కావచ్చు.

మార్చి 23, సోమవారం

ఈ రోజు నాకు వీక్లీ ఆఫ్. హాసిని పరీక్షకి తయారవుతుంటే నేను వంటింట్లో క్యారేజీ సర్దుతున్నాను. తొంగి చూశాను.

అది సీసా తీసింది. మూత విప్పింది. మూతలో నీళ్ళు పోసుకుని, నాలికతో అద్దుకున్నట్టు తాగి, మూత మళ్ళీ బిగించింది. చేతి వెనకతో పెదాలు తుడుచుకుంది.

నా చేతిలో గరిటె పొయ్యి మీద పడిపోయింది.

"ఏటే అది?"

"ఏటమ్మా?"

"నీళ్ళు. అలగెందుకు తాగుతున్నావు?"

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నువ్వే కదమ్మా సెప్పేవు. పరీక్ష మూడు గంటలు, మజ్జిలో లెగిస్తే టైము పోద్దని. బడికి కూడా అలగే ఎల్తాను. ఏడో తరగతి నుంచీ."

"ఏడో తరగతి నుంచా?"

"మా బేచీ అంతా అంతే. ఇంటర్వెల్లో లైనుంటాది, ఎవరు నిలబడతారు? నాను మూత సంగతి సెప్పేను, అందరూ ఇప్పుడు మూతతోనే." దాని గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. నా గొంతులాగే ఉంది.

"కడుపులో నొప్పేమైనా వత్తాదా నీకు?"

పెన్నులు సర్దుకుంది. "అప్పుడప్పుడు. మంటగా. మామూలే కదా, ఆడోల్లకి."

ఎప్పుడు చెప్పాను ఈ మాటలన్నీ? ఎన్నిసార్లు చెప్పాను? నాకు గుర్తు కూడా లేదు. దానికి మూడేళ్ళ వయసులో బస్సెక్కేముందు నీళ్ళు అడిగితే చెయ్యి మీద కొట్టిన గుర్తు మాత్రం వచ్చింది. నా నొప్పిని నేను తింటే తిన్నాను, నా పిల్లకి కూడా వడ్డించాను. వాళ్ళ క్లాసులో పిల్లలందరికీ వడ్డించాను.

సీసా మూత తీసి పారేశాను. గ్లాసులో పోసి ఇచ్చాను. "తాగు. పరీక్ష మజ్జిలో లెగవాలనిపిస్తే లెగు. పది మార్కులు పోతే పోనీ."

అది తాగుతూ నన్ను చూసింది. "మరి నువ్వో?" అంది.

పరీక్షకి టైమైందని పంపేశాను. సాయంత్రం రాగానే ధనశ్రీ గారికి చూపించాను. దానిక్కూడా యూరిన్ పరీక్ష రాశారు. స్కాను అక్కర్లేదన్నారు, ఇన్ఫెక్షను మాత్రమేనట.

మార్చి 24, మంగళవారం

పొద్దున బస్సు తీయకముందే అయ్యప్పకి చెప్పేశాను. నాకు కిడ్నీలో రాయుందని వాడికి తెలుసు. ఎందుకొచ్చిందో ఈ రోజే చెప్పాను. వాడి మొహం చూడలేక స్టీరింగు చూస్తూ చెప్పాను. చోడవరం దాటాక పెట్రోలు బంకు ఉంది, వెనక బాత్రూములున్నాయి, బోర్డు కూడా ఉంది, పదహారేళ్ళుగా ఆ బోర్డు ముందు నుంచి పోతున్నాను. ప్రతి ట్రిప్పులో అక్కడ ఆపాలి.

వాడు నోరు తెరిచి చూశాడు. "ఇన్నాల్లూ సెప్పలేదేటప్పా? నాను ఒద్దంటానేటి? నాను రోజూ దిగి ఎల్తాను గదా."

అదే కదా. వాడు రోజూ దిగి వెళ్తాడు. వాడు మంచివాడు, నా తమ్ముడి లాంటివాడు. మూడేళ్ళుగా నా పక్కనే ఉన్నాడు, మరి అప్ప ఎక్కడికెళ్తుందని ఒక్కసారి కూడా వాడికి అనుమానం రాలేదు. కోపం రావాలి, రాలేదు. నాకే రాలేదుగా పదహారేళ్ళు.

రెండు గ్లాసులు తాగాను. ఎత్తి తాగాను. చోడవరంలో ఇంకొకటి. బంకు కనిపించగానే బెల్లు కొట్టాను. చెయ్యి చెమట పట్టి తాడు జారింది, మళ్ళీ కొట్టాను. అయ్యప్ప బంకు లోపలికి తిప్పి, ఇంజను కూడా ఆపేశాడు. ఇంజను ఆగితే బస్సు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు తెలియదు ఇన్నాళ్ళూ.

"ఏటమ్మా కండక్టరమ్మా, డీజిలా?" అన్నాడు ముందు సీటాయన.

"కాదండి. నాను ఒంటేలుకి ఎల్తన్నాను. అయిదు నిమిసాలు."

గట్టిగానే చెప్పాను, స్టేజీ పేరు అరిచేంత గట్టిగా. వెనకనుంచి ఒకడు కిసుక్కుమన్నాడు. ముందు సీటాయన వాచీ చూసుకున్నాడు. "మాకు టైమవుతుందమ్మా. ఇదేటి బాగోతం? కంప్లేంటిత్తాను."

"ఇయ్యండి. నా పేరు నూకరత్నం. నంబరు రాసుకోండి. డ్రైవరు రోజూ గెడ్డవలసలో దిగితే ఒక్కలు అడగనేదు. ఈయాల నాను దిగుతున్నాను."

మెట్లు దిగి పది అడుగులు వేశాను. వెనక్కి తిరిగి చూస్తే వెళ్ళలేనని తెలుసు, అందుకే చూడలేదు. బంకులో అమ్మాయి తాళం చెవి ఇచ్చింది. అప్పుడు వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

ఒకావిడ చంటిపిల్లని పక్కావిడకి ఇచ్చేసి దిగింది. కాలేజీ పిల్లలు ముగ్గురు, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని. పూలగంపావిడ. చేతికర్ర ముసలామె, ఆమెని పట్టుకుని బురఖా వేసుకున్న ఒకమ్మాయి. ఇంకా దిగుతూనే ఉన్నారు. లెక్కపెట్టడం నా అలవాటు కదా, పదిహేడుమంది. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు, ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఈ మనుషులందరూ రోజూ నా పక్కనే నిలబడి, "జరగండమ్మా" అంటే జరుగుతూ, ఇదే బిగబట్టుకుని వస్తున్నారు.

ముసలామెని ముందు పంపించాను. తర్వాత చంటిపిల్ల తల్లిని. తర్వాత పిల్లల్ని. అలా పంపిస్తూ పంపిస్తూ లైనులో చివరికి వచ్చేశాను. బస్సులోంచి ఎవరో హారను కొట్టారు. అయ్యప్ప కాదు, వాడు కింద నిలబడి ఉన్నాడు. పూలగంపావిడ కంగారుగా నా మొహం చూసింది.

"బస్సు ఎల్లిపోద్దేమోనమ్మా!"

"ఎక్కడికి ఎల్తాది?" అన్నాను. "నాను ఇక్కడే ఉన్నాను కదా."

ఆ మాట అన్నాక నాకే తెలిసొచ్చింది. పదహారేళ్ళుగా ఆ బస్సు కదలాలంటే నేనే బెల్లు కొట్టాలి. తొందరేం లేదన్నట్టు పూలగంప నేను పట్టుకుని, ఆవిణ్ణి నాకంటే ముందు లోపలికి పంపాను.